లండను నుండి సిడ్నీకి: దూరము తగ్గలేదు, కాలము తగ్గినది

బడులలో వాడే భూగోళపు గుండు నొకదానిని తీసికొని, ఒక దారపు కొనను లండను నగరము మీద వ్రేలితో అదిమిపట్టి, రెండవ కొనను సిడ్నీ మీదికి లాగి బిగించినచో, ఆ దారము పోవు త్రోవ చూచి పలువురు ఆశ్చర్యపడుదురు. అది బాల్టిక్ సముద్రము మీదుగా రష్యాలో ప్రవేశించి, కజకిస్తానును, చైనాను ఏటవాలుగా దాటి, దక్షిణ చైనా సముద్రమును, ఫిలిప్పీన్, ఇండొనీషియా దీవులను గడచి, ఉత్తరపు దిక్కునుండి ఆస్ట్రేలియాలో అడుగు పెట్టును. మన దేశమును ఎక్కడను తాకదు. గోడకు వ్రేలాడు ప్రపంచ పటము మీద స్కేలుబద్ద పెట్టి అవే రెండు నగరములను కలిపినచో, ఆ గీత మన దేశపు దక్షిణపు కొసకు దగ్గరగా పోవును. బల్లపరుపుగా ఉండు కాగితము గుండ్రని భూమిని ఉన్నదున్నట్లు చూపలేకపోవుటయే ఈ తేడాకు కారణము. దారము చూపిన త్రోవయే దగ్గరి త్రోవ. భూమిని సరిగా నడిమికి రెండు సగములుగా కోసినట్లు ఊహించినచో, కోత అంచున ఒక వలయము ఏర్పడును. దానికి మహావృత్తము అని పేరు. దారము అట్టి వలయములో ఒక ముక్క మాత్రమే.

ఆ ముక్క పొడవు సుమారు 17,000 కిలోమీటర్లు. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనను దగ్గరి దూరము 20,000 కిలోమీటర్లకు మించదు. మించినచో రెండవ ప్రక్కనుండి పోవచ్చును. కనుక లండను, సిడ్నీ నగరములు ఉండదగినంత దూరములో నూటికి ఎనుబది అయిదు వంతుల దూరమున ఉన్నవి. 1919లో ఈ దూరము ఇంతే, నేడును ఇంతే. కాని 1919లో ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియా చేరుటకు విమానమునకు 27 దినముల 20 గంటలు పట్టినది. 2019లో 19 గంటల 19 నిమిషములు పట్టినది.

విమానముల వేగము పెరుగుట వలన కాలము తగ్గినదని వెంటనే తోచును. అది కొంతవరకే నిజము. ఆ కొంత ఎంతయో తెలియవలెనంటే మొదటి ప్రయాణమును కొంచెము దగ్గరగా చూడవలెను.

1919 మార్చిలో ఆస్ట్రేలియా ప్రభుత్వము 10,000 పౌనుల బహుమానము ప్రకటించినది. ఆస్ట్రేలియా దేశీయులు నడుపు విమానము ఇంగ్లండులో బయలుదేరి 720 గంటలలో, అనగా నెల దినములలో, ఆస్ట్రేలియా చేరవలెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసి ఆరు నెలలయినను కాలేదు. విమానములు నడుపుట నేర్చిన యువకులు పనిలేక ఉండిరి. ఆరు బృందములు పోటీకి దిగినవి. వానిలో రెండు బృందములవారు, మొత్తము నలుగురు, ప్రాణములు పోగొట్టుకొనినారు. ఒక విమానము లండను పొలిమేర దాటకుండగనే నేల కూలినది, మరియొకటి గ్రీసు దేశపు కార్ఫూ దీవి చెంత సముద్రములో పడినది. రే పారర్, జాన్ మెకింటాష్ అను ఇద్దరు ఒంటి ఇంజను విమానములో ఎక్కడికక్కడ మరమ్మతులు చేసికొనుచు, పడుచు లేచుచు, 206 దినములకు డార్విన్ నగరము చేరినారు. అప్పటికి పోటీ ఎప్పుడో ముగిసినది.

గెలిచినవారు రాస్ స్మిత్, కీత్ స్మిత్ అను అన్నదమ్ములు. వారితో బెన్నెట్, షియర్స్ అను ఇద్దరు మెకానిక్కులు ఉండిరి. వారిది వికర్స్ వైమీ అను రెండు ఇంజనుల బాంబు విమానము. కఱ్ఱ చట్రమునకు గుడ్డ కప్పినది. కూర్చుండు చోటుకు పైకప్పు లేదు. 1919 నవంబరు 12వ తేదీన లండను చెంతనున్న హౌన్స్‌లో నుండి మంచు పడుచుండగా బయలుదేరి, ఫ్రాన్సు మీద చలికి కొయ్యబారిపోయి, ఈజిప్టు, బాగ్దాదు, కరాచీ, ఢిల్లీ, అలహాబాదు మీదుగా కలకత్తా చేరినారు. ఇక్కడివరకు యుద్ధకాలములో సైన్యము వాడిన విమాన మైదానములు అక్కడక్కడ ఉండెను. కలకత్తాకు తూర్పున అవియును కరవు. కలకత్తాలో గుర్రపు పందెముల మైదానము నుండియే లేచినారు. లేచునప్పుడు గ్రద్దలు అడ్డువచ్చి ఒకటి ప్రొపెల్లరుకు తగిలినది. రంగూనులోను పందెముల మైదానమే. సింగపూరులో ఆ మైదానము మరీ చిన్నదగుట వలన, దిగునప్పుడు బెన్నెట్ తన చోటునుండి లేచి విమానపు వీపు మీదుగా తోకవైపు జారి కూర్చుండెను. తోక బరువెక్కి త్వరగా నేలకు ఆనినది, విమానము మైదానము దాటిపోకుండ ఆగినది. జావాలోని సురబాయాలో దిగిన చోటు పైకి గట్టిగా కనబడినను అడుగున బురద, చక్రములు దిగబడినవి. ఊరివారు ఇండ్లనుండి వెదురు తడికలు తెచ్చి పరచినారు. ఆ తడికల బాట మీద పరుగెత్తి విమానము పైకి లేచినది. డిసెంబరు 10వ తేదీన డార్విన్‌లో దిగినది.

ఇప్పుడు లెక్క చూడవచ్చును. 27 దినముల 20 గంటలనగా 668 గంటలు. అందులో విమానము గాలిలో ఉన్నది 136 గంటలు మాత్రమే. తక్కిన 532 గంటలు నేల మీద గడచినవి. గడచిన కాలములో అయిదింట నాలుగు వంతులు నిద్ర, మరమ్మతు, పెట్రోలు నింపుట, బురద, వాన, తెల్లవారుట కొరకు ఎదురుచూచుటలతో సరిపోయినది. వారు తిరిగిన దూరము 11,340 మైళ్ళు, సుమారు 18,250 కిలోమీటర్లు; సగటున గంటకు 134 కిలోమీటర్ల వేగము. 2019నాటి విమానము సగటున గంటకు 920 కిలోమీటర్ల వేగముతో పోయినది. వేగము ఏడు రెట్లు పెరిగినది. కాని ప్రయాణకాలము ముప్పదినాలుగు రెట్లు తగ్గినది! వేగము లెక్కకు చెందిన ఏడు రెట్లు పోగా మిగిలిన అయిదు రెట్లును ఎక్కడనుండి వచ్చినవి? నేల మీది మజిలీలు పోవుట వలన వచ్చినవి. ఈ మార్గపు చరిత్ర యావత్తు మజిలీలను ఒక్కొక్కటిగా తీసివేయుటయే. ఒక మజిలీని తీసివేయుటకు కావలసినది వేగముకంటె ముఖ్యముగా ఇంధనము. ఇంధనమునకు బరువున్నది. చిక్కంతయు అక్కడనే.

రాస్ స్మిత్, బెన్నెట్ ఇరువురును 1922లో మరియొక విమానమును పరీక్షించుచు మరణించిరి. వారి వైమీ విమానము నేటికిని ఆస్ట్రేలియాలో అడిలేడ్ విమానాశ్రయమున భద్రముగా ఉన్నది.

సాహసికులు పోయిన త్రోవలో టిక్కెట్టు కొన్నవారు పోవుటకు మరి పదునైదేండ్లు పట్టినది. 1929లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కంపెనీ లండను నుండి కరాచీ వరకు సర్వీసు ప్రారంభించెను. 1932 అక్టోబరులో టాటా కంపెనీవారు ఆ కరాచీ కొసకు మరొక దారము ముడివేసినారు: లండను ఉత్తరములను కరాచీలో అందుకొని బొంబాయి, బళ్ళారి మీదుగా మదరాసు చేర్చుట. మొదటినాడు కరాచీ నుండి బొంబాయికి విమానమును నడిపినవాడు జె. ఆర్. డి. టాటా. తూర్పువైపు ఇంపీరియల్ మార్గము కలకత్తాకు, సింగపూరుకు సాగి, అక్కడ ఆస్ట్రేలియావారి క్వాంటాస్ సర్వీసుతో కలిసినది. 1935 ఏప్రిలు నుండి ప్రయాణికులు లండనులో బయలుదేరి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ వరకు పోగలిగినారు. కాలము పన్నెండున్నర దినములు. చార్జీ 195 పౌనులు, ఆనాడు ఇంగ్లండులో సామాన్య ఉద్యోగికి అందరాని మొత్తము.

పన్నెండున్నర దినములన్నియు గాలిలో కాదు. పారిసు నుండి ఇటలీలోని బ్రిండిసీ వరకు విమాన ప్రయాణికులు రైలు బండిలో పోవలసివచ్చేది. పిమ్మట విమానము, అది పగటివేళనే. ప్రొద్దు గ్రుంకగానే ఏదో ఒక ఊరిలో దిగి, హోటలులో పండుకొని, తెల్లవారుజామున లేచి మరల ఎక్కుట. కరాచీ, జోధ్‌పూరు, ఢిల్లీ, కాన్పూరు, అలహాబాదు, కలకత్తా, అక్యాబు, రంగూను, బాంకాకు: పేర్లు చదువుచుంటే రైల్వే టైంటేబులు చూచినట్లే ఉండును. మజిలీకి మజిలీకి మధ్య దూరము విమానపు తొట్టెలో పట్టు పెట్రోలును బట్టి ఏర్పడినది. మన దేశము ఈ త్రోవలోనికి వచ్చుటకు కారణము భూగోళశాస్త్రము కాదు. బ్రిటిషు వారి జెండా క్రిందనో, వారి స్నేహితుల జెండా క్రిందనో ఉన్న నేల ఇటుగా ఉండుటయే. దారము చూపిన దగ్గరి త్రోవ రష్యా, చైనాల మీదుగా ఉన్నది. అటు దిగుటకు అనుమతియు లేదు, పెట్రోలును లేదు.

1938లో పెద్ద నీటి విమానములు వచ్చినవి. నీటి మీద దిగునవి గనుక వానికి మైదానములు అక్కరలేదు. మన దేశములో రాజసమంద్ చెరువు, గ్వాలియరు చెంతనున్న మాధవ సాగరము, అలహాబాదులో యమున, కలకత్తాలో హుగ్లీ వానికి విమానాశ్రయములైనవి. ప్రయాణము తొమ్మిది, పది దినములకు తగ్గినది. ఈ విమానములలో లేచి నడచుటకు చోటు, కిటికీ ప్రక్క నిలిచి చూచుటకు వసారా వంటి అమరిక ఉండెను. ఆ సుఖము తరువాతి తరముల ప్రయాణికులకు దక్కలేదు.

ఇంతలో యుద్ధము వచ్చినది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానుకు లొంగిపోయెను. రంగూను, జావా కూడ పోయినవి. నిచ్చెన నడిమి మెట్లు విరిగిపోయినవి. ఏప్రిలులో జపాను నౌకాదళము హిందూ మహాసముద్రములోనికి చొచ్చుకొనివచ్చి 5వ తేదీన కొలంబో మీద, 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడల మీద బాంబులు వేసిన సంగతి తెలుగువారు మరువలేదు. ఆ సముద్రమునకు ఒక దరిని ఆస్ట్రేలియా, రెండవ దరిని సింహళము. నడుమ త్రోవ తెగినది. ఉత్తరములు, సైనికాధికారులు ఎట్లు పోవలెను?

దీనికి కనుగొనిన ఉపాయమే ఈ చరిత్రలో అన్నిటికంటె విచిత్రమైన అధ్యాయము. 1943 జూలై నుండి 1945 జూలై వరకు క్వాంటాస్ కంపెనీ అమెరికాలో తయారైన కెటలినా అను నీటి విమానములతో, పెర్త్ నగరములోని స్వాన్ నది నుండి సింహళములో గాలె చెంతనున్న కొగ్గల చెరువు వరకు ఎక్కడను ఆగకుండ సర్వీసు నడిపినది. దూరము 3,513 మైళ్ళు. కొన్ని పుస్తకములలో ఇవి నౌకా మైళ్ళని అచ్చైనవి. గుండు మీద దారము పెట్టి చూచినచో మామూలు మైళ్ళేనని, సుమారు 5,650 కిలోమీటర్లని తేలిపోవును. దూరముల చరిత్ర చదువువారు ఏ మైలో చూచుకొనవలెను. నౌకా మైలు మామూలు మైలుకంటె ఏడింట ఒక వంతు పెద్దది.

కెటలినాలు నిదానపు విమానములు. గంటకు ఇంచుమించు 200 కిలోమీటర్లు. కనుక ఈ ప్రయాణమునకు 27 మొదలు 33 గంటల వరకు పట్టేది. అన్ని గంటలు ఆగకుండ ఎగురుటకు ఆ విమానమునందు సహజముగా పెట్రోలు పట్టదు. లోపల అదనపు తొట్లు అమర్చినారు. వాని బరువునకు పరిహారముగా తుపాకులు, చలి కాపు పొరలు, మంచు వదలించు పరికరములు ఊడదీసినారు. నీటి మీదినుండి లేచునప్పుడు విమానపు మొత్తము బరువు దాదాపు 16 టన్నులు. అందులో సుమారు ఆరున్నర టన్నులు, అనగా అయిదింట రెండు వంతులు, పెట్రోలే. మొదటి గంటలలో రెండు ఇంజనులలో ఒకటి ఆగినచో రెండవది అంత బరువును మోయలేదు. పెట్రోలు సముద్రములో పారబోయవలసినదే. పారబోసినచో సింహళము అందదు.

ఇంత ఏర్పాటు చేసి అది మోసినది ఎంత? ముగ్గురు ప్రయాణికులు, 69 కిలోల టపా. అంతే. ఉత్తరములను చిన్న ఫిలిము మీదికి ఎక్కించి బరువు తగ్గించేవారు.

శత్రువుకు జాడ తెలియునని రేడియోలో మాట పంపరాదు. గుర్తించుటకు నేల లేదు. జపానువారి గస్తీ విమానములు తిరుగు భాగమును చీకటిలో దాటునట్లు కాలము నిర్ణయించినారు. నడుపువారికి దారి చూపినవి నక్షత్రములు. సెక్స్‌టంటుతో నక్షత్రపు ఎత్తు కొలిచి, గడియారము చూచి, పట్టికలలో వెదకి, తామున్న చోటును పటము మీద గుర్తించుకొనేవారు. తెలుగు నావికులు చుక్కల లెక్కతో బర్మాకు ఓడలు నడిపిన విద్యయే ఇది, గంటకు 200 కిలోమీటర్ల వేగమున. అయిదు విమానములకును ఆల్టేర్, వీగా, రైజెల్, ఆంటారిస్, స్పైకా అని నక్షత్రముల పేర్లే పెట్టినారు. మన పంచాంగములలో ఇవి శ్రవణము, అభిజిత్తు మొదలైనవి. ఆంటారిస్ జ్యేష్ఠ, స్పైకా చిత్త. ఒకే ప్రయాణములో రెండు సూర్యోదయములు కనబడేవి గనుక, పోయివచ్చినవారికి "రెండు సూర్యోదయముల రహస్య సంఘము" సభ్యులని ఒక సరదా పత్రము ఇచ్చేవారు. రెండేండ్లలో 271 మారులు ఆ సముద్రమును దాటినారు. ఒక్క విమానమును పోలేదు, ఒక్క ప్రాణమును పోలేదు. యుద్ధము ముగిసిన పిమ్మట, అమెరికాతో చేసికొన్న ఒప్పందము ప్రకారము వాడుకకు ఉంచుకొను వీలు లేక, ఆ విమానములను ఆస్ట్రేలియా తీరము చెంత సముద్రములో ముంచివేసినారు. మ్యూజియములో పెట్టుటకైనను ఒకటి మిగులలేదు.

కెటలినా నేర్పిన లెక్క ఈనాటికిని మారలేదు. ఇంధనము తన్ను తాను మోసికొని పోవలెను. ఒక టన్ను అదనపు ఇంధనమును ఎక్కించినచో, దానిని మోయుటకే గంటకు దానిలో నూటికి మూడు, నాలుగు వంతులు ఖర్చగును. 17 గంటల ప్రయాణములో చివరకు మిగులునది దాదాపు సగము. ఎడ్లబండిలో పోవువాడు దారి పొడుగునకు కావలసిన గడ్డి అంతయు బండిలోనే వేసికొనినట్లు: గడ్డి ఎక్కువైనకొలది ఎడ్లు ఎక్కువ తినును, ధాన్యపు బస్తాలకు చోటు తక్కువగును. దారిలో గడ్డి దొరకు ఊళ్ళు ఉన్నప్పుడు బస్తాలు ఎక్కువ వేసికొనవచ్చును. మజిలీలకు ఉన్న లాభము అదియే. మజిలీని వెలివేసిన ప్రతిసారి ఎవరో కొందరు ప్రయాణికులను కూడ దించివేయవలసివచ్చును.

యుద్ధానంతరము 1947 డిసెంబరు 1వ తేదీన క్వాంటాస్ కంపెనీ సిడ్నీ నుండి లండనుకు తానే స్వయముగా సర్వీసు ప్రారంభించినది. విమానము లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్. నాలుగు ఇంజనులు, మూడు నిలువు తోకలు. 29 మంది ప్రయాణికులు. డార్విన్, సింగపూరు, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీ: ఆరే మజిలీలు. నాలుగు దినములు పట్టినది, గాలిలో ఉన్నది 55 గంటలు. 1919లో అయిదింట ఒక వంతు గాలిలో గడువగా, ఇప్పుడు సగముకంటె ఎక్కువ గడచినదన్నమాట. ప్రయాణికులు సింగపూరులోను, కైరోలోను రాత్రి హోటలులో పండుకొనినారు. గెంతుచు పోవు మార్గము గనుక దీనికి కంగారూ మార్గము అని పేరు పెట్టినారు. పేరు అతికినట్లున్నది.

1959లో జెట్ విమానములు ఈ త్రోవకు వచ్చినవి. రాత్రి మజిలీలు పోయినవి, ప్రయాణము ఒకటిన్నర దినమునకు దగ్గరగా దిగినది. 1971లో క్వాంటాస్ వారి బోయింగ్ 747 విమానములు వచ్చిన పిమ్మట వందల మంది ఒక్కసారిగా పోగలిగినారు. కరాచీ, కలకత్తా మజిలీలు ఒక్కొక్కటిగా జారిపోయినవి. చివరకు సింగపూరు వంటి ఒక్క మజిలీ మిగిలినది. దానితో 22 మొదలు 24 గంటలు.

ఆ చివరి మజిలీ మాత్రము మొండిగా నిలిచినది. 1989 ఆగస్టు 16న క్వాంటాస్ కొత్తగా కొన్న 747-400 విమానమును లండను నుండి సిడ్నీకి ఎక్కడను ఆపకుండ తెచ్చుకొనినది. మామూలు ఇంధనము చాలదని, అదే తొట్టెలో ఎక్కువ బరువు పట్టునట్లు సాంద్రత గల ఇంధనమును ప్రత్యేకముగా తయారు చేయించినారు. 183 టన్నులకు పైగా నింపినారు. నేల మీద ఇంజనులు నడిపి చుక్క ఇంధనమైనను వృథా చేయరాదని, రన్‌వే కొస వరకు ట్రాక్టరుతో లాగించినారు. 20 గంటల 9 నిమిషములలో సిడ్నీ చేరినది. లోపల వందల కుర్చీలు ఖాళీ. టిక్కెట్టు కొన్న ప్రయాణికుడు ఒక్కడును లేడు. కెటలినా ముగ్గురిని మోసినది. దీనికి ఆ ముగ్గురును బరువే. ఘనకార్యమే, కాని సర్వీసు కాదు. ఇట్లు ఎగిరిన మరునాటినుండి ఆ విమానము తక్కినవానివలెనే మజిలీ చేయుచు పోయినది.

పిమ్మట ముప్పది ఏండ్లలో విమానము రెక్కలు సన్ననివైనవి, ఒడలు లోహమునకు బదులు కార్బన్ నారతో తయారైనది, ఇంజనులు తక్కువ తాగుట నేర్చినవి. 2018 మార్చిలో బోయింగ్ 787-9 విమానముతో పెర్త్ నుండి లండనుకు ఆగకుండ పోవు సర్వీసు మొదలైనది. 14,498 కిలోమీటర్లు. అందులో 236 కుర్చీలు. అదే విమానములో దగ్గరి దూరములు పోవు కంపెనీలు ఇంతకంటె చాల ఎక్కువ వేసికొనును. ఆనాటి టైంటేబులులో ఒక చిత్రము ఉన్నది: పెర్త్ నుండి లండనుకు 17 గంటల 20 నిమిషములు, తిరుగు ప్రయాణమునకు 16 గంటల 45 నిమిషములు. దూరము ఒకటే, కాలము వేరు. నేలకు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పునకు వీచు బలమైన గాలులు తూర్పుగా పోవు విమానమును వెనుకనుండి నెట్టును, పడమరగా పోవు దానిని ఎదురుకొనును. ఆ గాలిని కలుపుకొనుటకు, లేదా తప్పించుకొనుటకు, విమానము ఒక్కొక్కప్పుడు దారపు త్రోవను విడిచి చుట్టు తిరిగియు లాభము పొందును. ఏ దినపు త్రోవ ఆ దినముననే నిర్ణయమగును. గుండు మీది దూరము ఎప్పుడును విమానము తిరిగిన దూరము కాదు.

2019 నవంబరు 14న మరల ఒక 787 లండను నుండి సిడ్నీకి ఒక్క బిగిన పోయినది. ఇంధనమునకు చోటిచ్చుటకు సుమారు 50 మందినే ఎక్కించుకొనినారు. లండనులో తెల్లవారుజామున ఆరు గంటలకు లేచి, సిడ్నీలో 15వ తేదీ మధ్యాహ్నము పన్నెండున్నరకు దిగినది. గడియారములు చూచినవారు ముప్పది గంటలకు పైగా అనుకొందురు. కాని నవంబరులో సిడ్నీ గడియారము లండనుకంటె 11 గంటలు ముందు నడచును. అవి తీసివేయగా 19 గంటల 19 నిమిషములు మిగిలినవి. తిరిగిన దూరము 17,800 కిలోమీటర్లు. త్రోవ హాలండు, జర్మనీ, పోలండు, బెలారస్, రష్యా, కజకిస్తాన్, చైనా, ఫిలిప్పీన్స్, ఇండొనీషియా. వంద సంవత్సరముల పిమ్మట విమానము దారము చూపిన త్రోవకు చేరినది. అయినను ఆ త్రోవ ఎల్లకాలము తెరచియుండునని చెప్పుటకు వీలులేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధము మొదలైన పిమ్మట పలు దేశముల విమానములకు రష్యా ఆకాశము మూసికొనిపోయినది. పూర్వము దిగుటకు అనుమతి కావలసియుండెను, ఇప్పుడు మీదుగా పోవుటకు కావలెను.

ఈ ప్రయాణము ప్రయాణముకంటె ఎక్కువగా ఒక ప్రయోగము. విమానము పందొమ్మిది గంటలు నిలువగలదని తెలిసినదే. మనుష్యుడు నిలువగలడా అన్నదే ప్రశ్న. నడుపువారి మెదడు చురుకుదనమును కొలుచు పరికరములు వారి తలకు అమర్చినారు. శరీరములోని గడియారమును నడపు మెలటోనిన్ అను పదార్థము ఎంత ఉన్నదో చూచుటకు మూత్రమును పరీక్షించినారు. ప్రయాణికులకు దీపములు, భోజనము, నిద్ర లండను కాలము ప్రకారము గాక సిడ్నీ కాలము ప్రకారము నడిపినారు. 1935లో రాత్రి కాగానే దిగి పండుకొను ప్రయాణికునకు, దినమునకు ఒక గంట చొప్పున గడియారము జరుగుచు శరీరము తానే సర్దుకొనేది. 19 గంటలలో 11 గంటల తేడా మీద పడినప్పుడు శరీరము సర్దుకొనజాలదు. మజిలీలు తీసివేయుటలో పోయినది కాలహరణమొక్కటే కాదు.

2022 మేలో క్వాంటాస్ ఈ పని కొరకే 12 ఎయిర్‌బస్ ఎ350-1000 విమానములకు ఆర్డరు ఇచ్చినది. వానిలో 20,000 లీటర్లు పట్టు అదనపు తొట్టె ఒకటి అమర్చుటకు ఏర్పాటు చేసినారు. మూడు వందలకు పైగా కుర్చీలు పట్టు ఆ విమానమున 238 మాత్రమే వేయుదురట. ఈ ఏర్పాటుకు పెట్టిన పేరు "సన్‌రైజ్", అనగా సూర్యోదయము. కొగ్గల చెరువు నుండి లేచిన కెటలినాలను తలచుకొని పెట్టినదే. 2019 నవంబరులో ఆ 787లో కూర్చున్నవారు, లండను విడిచిన కొలదిసేపటికి ఒక సూర్యోదయమును, సిడ్నీకి కొన్ని గంటల దూరములో మరియొక సూర్యోదయమును చూచినారు.